బీడు కాని బీడు

మనిషి నేలకు పెట్టిన పేర్లలో అన్నిటికన్నా తొందరపాటుతో పెట్టిన పేరు ‘బీడు’. నీటి వసతితో వరి పండే నేలను మాగాణి అన్నాం. వాన మీద ఆధారపడి జొన్న, శనగ పండే నేలను మెట్ట అన్నాం. మొక్కలు నాటితే తోట అన్నాం. చెట్లు తమంతట తాము పెరిగితే అడవి అన్నాం. ఈ పేర్లలో దేనికీ ఒదగని నేల ఎదురైనప్పుడు మాత్రం, దానిలో ఏమున్నదో చూడకుండా, ఏమి లేదో చూసి పేరు పెట్టాం. బీడు, బంజరు, గయాళు, పోరంబోకు అన్న మాటలన్నీ అలాంటివే. శిస్తు లెక్కకు బయట ఉన్న నేల అని మాత్రమే అర్థమిచ్చే ‘పోరంబోకు’ అన్న మాట కాలక్రమంలో పనీపాటా లేని మనిషిని తిట్టే తిట్టుగా కూడా మారింది. నేలను చూసిన చూపే మనిషి మీదికీ మళ్లిందన్నమాట.

మాది ఆళ్లగడ్డ ప్రాంతం. పడమట నల్లరేగడి పొలాలు, తూర్పున నల్లమల కొండలు. ఊరిలో అడుగు పెట్టగానే రాతిని దేవతామూర్తిగా మలిచే శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తుంది. పొలానికీ కొండకీ నడుమ తంగేడు, రేగు, వెంపలి, జిల్లేడు పెరిగే గులకరాళ్ల నేల ఒకటి ఉన్నది. బాల్యంలో మా తమ్ముడూ నేనూ గొర్రెల మంద వెనుక తిరిగింది ఆ నేల మీదనే. నేను చదువుకొని ఉపాధ్యాయుణ్ణి అయ్యాను; తమ్ముడు మందతోనే ఉండిపోయాడు. ఆ నేలను మా ఊరివారంతా ‘గయాళు’ అంటారు. దాని విలువ ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రశ్న నాకు ఎదురైన చోటు మా ఊరికి వేల మైళ్ల దూరంలో, ఇంగ్లండు దేశంలో ఉన్నది.

2024 ఆగస్టు నెలలో, లండన్ నగరానికి దక్షిణ దిక్కున నివసించే మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. వంతెనలు, రాజభవనాలు, వస్తుప్రదర్శన శాలలు చూడడం ముగిసిన తరువాత ఒక శనివారం ఉదయం అమ్మాయి, “నాన్నా, లండన్‌కు వచ్చినవాళ్లందరూ చూసేవి చూశావు. ఇవాళ ఒక గోల్ఫ్ మైదానానికి పోదాం” అన్నది.

“గోల్ఫ్ మైదానంలో నాకేం పని తల్లీ? ఆ ఆట నియమాలు కూడా నాకు తెలియవు” అన్నాను.

“ఆట కోసం కాదు, నేల కోసం. చూసినాక నువ్వే చెబుతావు” అన్నది.

టాడ్‌వర్త్ అనే చిన్న రైలు స్టేషనులో దిగి, అరగంటకు పైగా నడిచి, సర్రే ప్రాంతంలోని వాల్టన్ హీత్ చేరుకున్నాం. పత్రికల్లోని బొమ్మల వల్ల గోల్ఫ్ మైదానమంటే పచ్చని తివాచీ, మధ్యలో నీటి కొలను, చుట్టూ ఎత్తయిన ప్రహరీ, ద్వారం దగ్గర కాపలాదారు కనబడతారని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ ప్రహరీ లేదు. రుసుము వసూలు చేసే గది లేదు. ఊరి బాట నేరుగా మైదానంలోకే దారి తీసింది. సముద్రమట్టానికి 600 అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఆ విశాలమైన సమతలంపై గాలి అడ్డులేకుండా వీస్తున్నది. కంటికి ఆనినంత మేర మోకాలెత్తు పొదలు. ఆ పొదల నిండా వంగపండు రంగు పూలు. వాటి మధ్య అక్కడక్కడ ముళ్ల పొదలు, గోధుమ వన్నెకు తిరిగిన పొడవాటి గడ్డి. ఆ గరుకు నేల మధ్యలోనే సన్నని పచ్చని దారులు, దారి చివర పాతిన జెండాలు. దక్షిణం నుండి వాహనాల రహదారి హోరు లీలగా వినబడకపోతే, అది లక్షలాది జనం నివసించే మహానగరానికి చేరువలో ఉన్న చోటంటే నమ్మడం కష్టం.

ఆ వంగపండు రంగు పూల పొదను ఇంగ్లీషువారు ‘హెదర్’ అంటారు. ముళ్ల పొద పేరు ‘గోర్స్’; దాని పూలు తంగేడు పూల వలె పచ్చనివి. హెదర్‌ను దగ్గరగా చూసినప్పుడు నాకు మా గయాళులోని వెంపలి గుర్తుకు వచ్చింది. రెండూ వృక్షశాస్త్ర రీత్యా ఒకే కుటుంబానికి చెందినవి కావు. కాని రెండూ సారం లేని నేలను వెతుక్కొని పెరుగుతాయి. రెండింటి పూలూ ఊదా వన్నెలో చిన్నవిగా ఉంటాయి. రెండింటినీ రైతు పొలంలో ఉండనీయడు.

ఇలాంటి నేలనే ఇంగ్లీషు భాషలో ‘హీత్’ అంటారు. ఇది ప్రకృతి ఒక్కటే సృష్టించినది కాదు. వేల ఏళ్ల కిందట, రాతి యుగం చివర, కంచు యుగంలో అక్కడి ప్రజలు అడవులను నరికి సేద్యం చేశారు. పలుచని ఇసుక నేల త్వరగానే సారం కోల్పోయింది. పంట పండని ఆ నేలలో పశువులను మేపారు. వంట చెరకుకు గోర్స్‌ను, పశువుల కొట్టంలో పరుపుకు ఎండు ఆకులను, పొయ్యికి మట్టి పెళ్లలను కోసుకుపోయారు. ఆ విధంగా మేత వల్లా, కోత వల్లా చెట్లు తిరిగి లేవకుండా హెదర్ నిలిచింది. కొన్ని పక్షులకు, బల్లులకు, కీటకాలకు ఆ పొదలే నివాసమయ్యాయి. డార్ట్‌ఫర్డ్ వార్‌బ్లర్ అనే చిన్న పిట్ట దక్షిణ ఇంగ్లండులోని ఇలాంటి పొదనేలలను విడిచి దూరం పోదు. మనిషి వాడుకొన్నందువల్లనే బతికిన నేల ఇది. బొగ్గు వచ్చి కట్టె అవసరం తగ్గింది, మందలు తగ్గాయి, పట్టణాలు పెరిగాయి, రోడ్లు వచ్చాయి. 1800 తరువాత ఆ దేశంలోని పల్లపు ప్రాంతపు హీత్ నేలల్లో 80 శాతానికి మించి అంతరించిపోయాయి. మిగిలిన కొద్ది నేలలో కొంత భాగం గోల్ఫ్ మైదానాల్లో ఉండడం విచిత్రంగా తోస్తుంది.

ఆ విచిత్రానికి కారణం తెలియాలంటే గోల్ఫ్ ఆట పుట్టుక తెలియాలి. మన పల్లెల్లోని గోలీలాట వలెనే ఇందులోనూ గుంటలోకి చేర్చడమే పని. గుంట వ్యాసం నాలుగుంబావు అంగుళాలు. 46 గ్రాములకు మించని బంతిని రకరకాల కర్రలతో కొట్టుకుంటూ, వందల గజాల దూరం నడిచి, వీలైనన్ని తక్కువ దెబ్బలతో గుంటలో వేయాలి. అలాంటివి 18 గుంటలు పూర్తి చేస్తే ఒక ఆట. స్కాట్లండు సముద్రతీరంలో, ఇసుక దిబ్బలకూ పొలాలకూ నడుమ సేద్యానికి పనికిరాని గడ్డినేలల మీద ఈ ఆట ఆరంభమైంది. సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆ తీరపు నేల మీద గోల్ఫ్ ఆడుకొనే హక్కు పట్టణ ప్రజలకు ఉన్నదని 1552లో అక్కడి ఆర్చిబిషప్ ఇచ్చిన పత్రంలో కనిపిస్తుంది. ఆట పుట్టింది ధనికుల ఉద్యానవనంలో కాదు. ఊరి ఉమ్మడి బీడులో.

పందొమ్మిదవ శతాబ్దం చివర రైలు మార్గాలు విస్తరించాయి. లండన్ ఉద్యోగులకు, వ్యాపారులకు నగరం చుట్టుపక్కలే ఆడుకొనే నేల కావలసి వచ్చింది. బంకమట్టి నేలలు వానకాలంలో బురదవుతాయి. ఇసుక కలిసిన హీత్ మాత్రం నీటిని వెంటనే పీల్చుకొంటుంది. ఏడాది పొడవునా కాలికి గట్టిగా తగులుతుంది. ఆ విధంగా 1893లో వోకింగ్, 1901లో సన్నింగ్‌డేల్ మైదానాలు ఏర్పడ్డాయి. వాల్టన్ హీత్ మైదానం 1904 మే నెలలో ప్రారంభమైంది. దీనిని రూపొందించినవారు హెర్బర్ట్ ఫౌలర్. ఆయనకు ఇదే మొదటి మైదానం. ఆయన చాలాకాలం గుర్రం మీద ఆ పొదల్లో తిరిగి, నేల ఎత్తుపల్లాలను గమనించి, ఆ తరువాతనే గుంటల స్థానాలను నిర్ణయించారని చెబుతారు. నేల మీద తన బొమ్మ రుద్దకుండా, నేలలో ఉన్న దారిని వెలికి తీశారు. మా ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టే ముందు రాయిని తట్టి, దాని నాదం విని, జీడు చూసి గాని పని మొదలుపెట్టరు. ఫౌలర్ చేసిన పనిలో నాకు ఆ పద్ధతే కనిపించింది.

ఆ మైదానం చరిత్రలో మరొక పనివాని పేరు తప్పక చెప్పుకోవాలి. ఆయన జేమ్స్ బ్రెయిడ్. స్కాట్లండు పల్లెలో పుట్టి, వడ్రంగం నేర్చి, గోల్ఫ్ కర్రలు చేస్తూ ఆటగాడైన మనిషి. బ్రిటిష్ ఓపెన్ పోటీలో ఐదుసార్లు విజేతగా నిలిచారు. అందులో 1905, 1906, 1908, 1910 సంవత్సరాల విజయాలు వాల్టన్ హీత్‌లో కొలువు చేస్తుండగా సాధించినవి. 1904 నుండి 1950లో మరణించే వరకు ఆయన అక్కడే ఉన్నారు. ఆటను వృత్తిగా చేసుకొన్నవారికి ఆ రోజుల్లో క్లబ్బు భవనాల్లో సభ్యులతో సమానమైన ప్రవేశం ఉండేది కాదు. ప్రధానమంత్రులు, పత్రికాధిపతులు సభ్యులు. వారికి ఆట నేర్పే విజేత మాత్రం సేవకుని వరుస. నేల ఉమ్మడిది గాని, ఆట ఉమ్మడిది కాలేదు. 1936 జనవరిలో ఎనిమిదవ ఎడ్వర్డ్ సింహాసనం ఎక్కినప్పుడు ఆ క్లబ్బు కెప్టెన్ పదవిలో ఆయనే ఉన్నారంటే, అక్కడి సభ్యత్వం ఎంత ఎత్తున ఉండేదో ఊహించవచ్చు.

ఆ ఎత్తును ప్రశ్నించిన సంఘటన కూడా ఆ చుట్టుపక్కలనే జరిగింది. 1913 ఫిబ్రవరి 19వ తేదీ తెల్లవారుజామున, వాల్టన్ గ్రామంలో ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ కోసం కడుతున్న ఇంటిలో బాంబు పేలింది. ఎవరికీ ప్రాణహాని కలగలేదు. స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ ఉద్యమించిన వనితలు చేసిన పని అది. బాధ్యత తనదేనని ప్రకటించిన ఎమ్మెలిన్ పాంఖర్స్ట్‌కు మూడేళ్ల శిక్ష పడింది. పురుషులతో సమానమైన ఓటు హక్కు ఆ దేశపు స్త్రీలకు 1928లో గాని రాలేదు. అదే వాల్టన్ హీత్‌లో 2023 ఆగస్టులో స్త్రీల ఓపెన్ పోటీ జరిగింది. అమెరికాకు చెందిన లిలియా వూ విజేత అయ్యారు. వేలమంది ఆ పొదల మధ్య నిలబడి ఆ ఆటను చూశారు. మార్గం సరైనదా కాదా అన్న చర్చ అటుంచితే, నూటపదేళ్ల వ్యవధిలో ఒక నేల ఎన్ని మార్పులకు సాక్షిగా నిలుస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

మేము నడుస్తున్న కాలిబాట ఒకచోట ఆట దారిని అడ్డంగా దాటుతున్నది. ఎడమవైపున నలుగురు ఆటగాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరు కర్ర పైకెత్తబోతున్నారు. మాకు ముందు కుక్కను వెంటబెట్టుకొని ఒక వృద్ధుడు నెమ్మదిగా నడుస్తున్నారు. ఆటగాడు ఆయనను చూసి కర్ర దించి, చేయెత్తి, పొమ్మని సైగ చేశారు. వృద్ధుడు తొందరపడలేదు. కుక్క ఒక పొదను వాసన చూసేదాకా ఆగి, ఆ తరువాతనే కదిలారు. నలుగురూ కర్రలు నేలకు ఆనించి నిలబడ్డారు. నేను ఆశ్చర్యపోయి, ఆయనను కలుసుకొని, “మీరు ఈ క్లబ్బు సభ్యులా?” అని అడిగాను.

ఆయన నవ్వి, “కాదు. నేను ఈ ఊరి మనిషిని. ఇది మా ఊరి ఉమ్మడి నేల. వారికి ఆడుకొనే వీలున్నది, నాకు నడిచే హక్కున్నది. అందుకే వారు ఆగారు” అన్నారు.

ఆ మాట నన్ను అక్కడే కట్టిపడేసింది. ముగ్గురమూ ఒక బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయి అనువాదం అవసరం లేకుండానే ఆయన నెమ్మదిగా చెప్పసాగారు. చలికాలంలో అక్కడి వారు కొందరు కత్తులు, రంపాలు పట్టుకొని వచ్చి బర్చ్ మొలకలను కోస్తారట. కొన్నేళ్లు వదిలేస్తే బర్చ్, పైన్ చెట్లు లేచి హెదర్‌ను కప్పేస్తాయి. నీడ పడిన చోట హెదర్ చచ్చిపోతుంది. హెదర్ పోయిన చోట దాన్ని నమ్ముకొన్న జీవులూ ఉండవు.

“మా దేశంలో చెట్టును కొట్టడం పాపమంటారు. మీరు చెట్టును కలుపుగా ఎంచుతున్నారే!” అన్నాను.

“చెట్టు ఎక్కడైనా చెట్టే. కాని ఇది అడవి కాదు గదా! ఒకరి ఇంట్లోకి ఇంకొకరిని తెచ్చి కూర్చోబెడితే, ఆ ఇంటివారు ఎక్కడికి పోవాలి?” అన్నారు ఆయన.

పెద్ద చదువుల మాట కాదది. కాని అందులో ఎంతో వివేకం ఉన్నది. పచ్చదనమంటే చెట్లే అని, చెట్లు లేని చోటల్లా మొక్కలు నాటడమే ప్రకృతి సేవ అని మనం పాఠశాలల్లో నేర్పుతూ వచ్చాం. గడ్డికీ, పొదకూ కూడా తమదైన రాజ్యం ఉంటుందని నేర్పలేదు.

ఆయన చెప్పిన నడిచే హక్కు ఎక్కడి నుండి వచ్చిందో తరువాత చదివి తెలుసుకొన్నాను. ఇంగ్లండులో పూర్వం ప్రతి ఊరికీ ఒక భూస్వామి ఉండేవాడు. సాగులో లేని నేలను చట్టభాషలో భూస్వామి ‘వేస్ట్’ అనేవారు. అంటే మన బంజరే. యాజమాన్యం భూస్వామిది, కాని పశువులను మేపుకొనే హక్కు, కట్టెలు ఏరుకొనే హక్కు ఊరివారివి. పట్టణాలు పెరిగి భూమికి ధర రాగానే ఆ నేలలకు కంచెలు పడసాగాయి. వాల్టన్ హీత్‌ను ఆనుకొని ఉన్న బాన్‌స్టెడ్ ఉమ్మడి నేలలను భూస్వామి ఆక్రమించబోయినప్పుడు, అక్కడి ప్రజలు 1877లో ఒక రక్షణ సంఘం పెట్టుకొని, ఏళ్ల తరబడి న్యాయస్థానాల్లో పోరాడారు. 1893లో ఆ నేలల పరిరక్షణకు ప్రత్యేక చట్టం వచ్చింది. పట్టణ ప్రాంతాల ఉమ్మడి నేలల్లో గాలి పీల్చుకోవడానికి, వ్యాయామానికి తిరిగే హక్కును 1925 నాటి చట్టం ప్రజలకు కల్పించింది. కనుక ఆ ఆటగాడు కర్ర దించి ఆగడం కేవలం మర్యాద కాదు. ఆ ఆగడం వెనుక యాభై ఏళ్ల పోరాటం ఉన్నది.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోను చేశాను. నేను చూసిన పూల సంగతి చెప్పబోతుండగా వాడు అడ్డుపడి, “అన్నా, మన గయాళుకు కంచె పడుతోంది. రాళ్లు పాతినారు. గొర్రెలను ఆ పక్కకు తోలొద్దంటున్నారు” అన్నాడు. నూట ఇరవై గొర్రెలు వాడి జీవనాధారం. వానకాలంలో పొలాలన్నీ పైరు మీద ఉన్నప్పుడు మంద నిలవడానికి ఊరిలో మిగిలే చోటు ఆ గయాళు ఒక్కటే. అడవిలోకి తోలితే అక్కడి నిబంధనలు వేరు. “ఇట్లయితే వచ్చే సంక్రాంతికి మంద అమ్ముకోవాల్సిందే” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ కథ మా ఒక్క ఊరిది కాదు. మా ఊరికి వాయవ్యంగా, నందికొట్కూరు సమీపంలో రోళ్లపాడు అనే పల్లె ఉన్నది. నేడది నంద్యాల జిల్లాలో ఉన్నది. అక్కడి గడ్డినేలల్లో బట్టమేక పిట్ట నివసించేది. మీటరు ఎత్తు, మగపక్షి 15 కిలోల దాకా బరువు. ఎగరగలిగే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇది ఒకటి. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు కట్టకుండా నేల మీదనే పెడుతుంది. దీనికి చెట్లు అక్కరలేదు. దూరం దాకా కనబడే బయలు కావాలి. 1980వ దశకంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన శాస్త్రజ్ఞులు రోళ్లపాడులో ఈ పక్షిని అధ్యయనం చేశారు. 1988లో అక్కడ 6.14 చదరపు కిలోమీటర్ల నేలను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అభయ‘అరణ్యం’ అనడంలోనే మన భాషకు ఉన్న ఇబ్బంది తెలుస్తుంది. రక్షించవలసినది అరణ్యం కాదు, గడ్డి. దానికి మన చట్టంలో వేరే మాట లేదు.

1990వ దశకంలో విద్యార్థులను వెంటబెట్టుకొని నేను రోళ్లపాడు వెళ్లాను. వానలు పడ్డ తరువాతి రోజులవి. దూరాన ఒక మగపక్షి మెడకింది తెల్లని తిత్తిని గాలితో నింపుకొని, తోక పైకెత్తి నిలబడి ఉండడం చూశాం. దాని గంభీరమైన పిలుపు బయలు మీదుగా తేలివచ్చింది. పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇటీవలి సంవత్సరాల్లో రోళ్లపాడులో ఆ పక్షి జాడ దాదాపుగా లేదు. దేశం మొత్తం మీద కూడా 150 మించి లేవని అంచనా. కాలువ నీరు వచ్చి చుట్టూ పంటలు మారాయి, బయళ్లు పొలాలయ్యాయి, విద్యుత్ తీగలు, ఊరకుక్కలు ఆ పక్షికి మృత్యువులయ్యాయి. మరోవైపు, రక్షణ దొరికిన కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పొలాలను మేశాయి. పంట పోగొట్టుకొన్న రైతుకు జింక మీద కోపం. ఆ కోపం గడ్డినేల మీదికి, చివరకు పిట్ట మీదికి మళ్లింది. రైతుది తప్పని నేను అనలేను. కంచె లోపల ప్రాణిని కాపాడి, కంచె బయట మనిషిని మరచిపోతే జరిగేది ఇదే.

మరొక వైపు, దేశంలోని ‘వ్యర్థ భూముల’ పటాలను ప్రభుత్వం 2000 నుండి సంపుటాలుగా ప్రచురిస్తున్నది. పొదలు పెరిగే నేలలు ఆ పటాల్లో వ్యర్థభూముల కింద లెక్కకు వచ్చాయి. వ్యర్థమని ఒకసారి రాసిన తరువాత దాన్ని దేనికైనా వాడవచ్చు. పాణ్యం, ఓర్వకల్లు ప్రాంతంలో దాదాపు 6,000 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2017లో పూర్తయింది. దేశానికి విద్యుత్తు కావాలి. బొగ్గుపొగ కన్న ఎండ మేలు. అయినా, ఆ ఆరువేల ఎకరాల్లో అంతకుముందు ఏమి పెరిగేదో, అక్కడ ఎవరి మంద మేసేదో ఎవరు లెక్క రాశారు? లెక్క రాయని నష్టం జరగని నష్టంగా చలామణి అవుతుంది.

ఇదంతా చెప్పి, మనమూ గోల్ఫ్ మైదానాలు పెట్టుకోవాలని నేను చెప్పబోవడం లేదు. తాగునీటికి కటకటలాడే సీమలో పచ్చిక తడపడానికి నీరు పోయడం అన్యాయం. వాల్టన్ హీత్ నుండి నేర్చుకోవలసినది ఆట కాదు. అక్కడ మూడు విషయాలు ఒకచోట కూడాయి. నేల ఉన్నది ఉన్నట్లుగా ఉంటేనే ఉపయోగపడే వాడకం ఒకటి దొరికింది. ఆ నేల మీద మామూలు మనిషికి చట్టబద్ధమైన హక్కు నిలిచింది. ఏటేటా చలిలో వచ్చి మొలకలు కోసే శ్రమ కొనసాగింది. వాడకం, హక్కు, శ్రమ అనే ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పూలు ఉండేవి కావు. మన గయాళుల్లో వాడకం ఉన్నది. అది గొర్రెల కాపరిది. శ్రమా ఉన్నది; తరతరాలుగా మంద తిరగడం వల్లనే ఆ నేల ముళ్లకంపగా మారకుండా బయలుగా నిలిచింది. కొదవైనది హక్కు ఒక్కటే.

ఆ హక్కుకు మన దేశంలో ఆధారం లేకపోలేదు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు చెబుతూ, గ్రామాల ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించి, వాటిని గ్రామ ప్రజల వాడకానికి తిరిగి అప్పగించే ఏర్పాట్లు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఇంటికి తిరిగి వచ్చిన వారానికే తమ్ముణ్ణి వెంటబెట్టుకొని మండల కార్యాలయానికి వెళ్లి, మా గయాళుకు సంబంధించిన పాత రికార్డు నకలు కోరాను. చాలా తిరిగిన తరువాత అది చేతికి వచ్చింది. సర్వే నంబరు ఎదుట రాసి ఉన్న మాటలు రెండే: ‘మేత పోరంబోకు’. తమ్ముడు ఆ కాగితం చదవమని నా చేత రెండుసార్లు చదివించుకొన్నాడు. “మేత అని ఉంది కదన్నా! అయితే ఇది ఎవరిదీ కాని నేల కాదు, మేసేవాటిది” అన్నాడు. ఊరిలోని గొర్రెల కాపరులు, కౌలు రైతులు కలిసి గ్రామసభలో అర్జీ పెట్టారు. కంచె పని ప్రస్తుతానికి ఆగింది. అర్జీ విచారణలో ఉన్నది. తీర్పు ఎటు వస్తుందో నాకు తెలియదు. సంక్రాంతికి మాత్రం తమ్ముడు మందను అమ్మలేదు.

ఈ పాఠం చదివే విద్యార్థులు చాలామంది ఏదో ఒక ఊరికి చెందినవారే. మీ ఊరికి కూడా ఒక బీడు ఉంటుంది. తొలకరి పడిన పది రోజులకు ఒకసారి అక్కడికి వెళ్లండి. ఏ గడ్డి మొలిచిందో, ఏ పూవు పూసిందో, ఏ పిట్ట నేల మీద గుడ్డు పెట్టిందో చూడండి. వాటి పేర్లు పెద్దవారిని అడగండి. గొర్రెల కాపరికి తెలిసినన్ని పేర్లు పుస్తకాల్లో ఉండవు. ఆ తరువాత ఆ నేల గురించి రికార్డులో ఏమి రాసి ఉన్నదో తెలుసుకోండి. ఎన్ని ఏళ్లు గడిచినా ఒక నేలకు కాపలా కాసేది దానిని ఎరిగిన మనుషులే. పేర్లు తెలిసినవారు మిగిలి ఉన్నంతవరకు ఏ నేలా ఊరికే బీడు కాదు.